నిలువురాళ్ళకు నోరిచ్చింది ఎవరు?



సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని గోల్కొండ కోటకు వెళ్ళి, చీకటి పడ్డాక అక్కడ వేసే వెలుగూ శబ్దాల ప్రదర్శన చూసినవారు మీలో చాలామందే ఉంటారు. ఒక బురుజు మీద ఎర్రటి వెలుతురు పడుతుంది. ఎక్కడినుంచో ఒక గంభీరమైన గొంతు కథ మొదలుపెడుతుంది. వెలుతురు ఇంకో గోడ మీదికి జరుగుతుంది, దానితోపాటే కథా జరుగుతుంది. రాళ్ళు రాళ్ళే, కదిలేవి కావు. అయినా ఆ కాసేపూ పిల్లలు అల్లరి మాని కళ్ళప్పగించి చూస్తారు. ఇటువంటి ప్రదర్శన మొట్టమొదట 1952లో ఫ్రాన్సు దేశంలో షాంబోర్ కోట దగ్గర జరిగింది. తర్వాత మన ఢిల్లీ ఎర్రకోటకూ, గోల్కొండకూ వచ్చింది.

మరి రాతినీ, వెలుగునీ, శబ్దాన్నీ కలిపి మనిషి మనసు పట్టుకునే విద్య నిజంగా 1952లోనే పుట్టిందంటారా? కాదు. కరెంటు మాట అటుంచి, దీపపు కుందె కూడా సరిగ్గా లేని రోజుల్లో మన పాలమూరు మెట్టలో, కృష్ణ ఒడ్డున, కొందరు దానికి రంగస్థలం కట్టారు. ఇవాళ మీతో ఆ సంగతే చెబుదామని.

నారాయణపేట చీరలు మనందరికీ తెలిసినవే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ నారాయణపేట 2019లో తానే ఒక జిల్లా అయింది. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ జిల్లాలోని తంగిడి దగ్గరే. అక్కడికి దూరం కాదు, కృష్ణ మండలంలో ముడుమాల్ అనే ఊరు. ఊరి పక్క మెట్ట మీద దాదాపు 80 ఎకరాల మేర రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. పెద్దవి 80 దాకా ఉంటాయి, ఒక్కొక్కటి 10 నుంచి 14 అడుగుల ఎత్తు. మన ఇంటి స్లాబు ఎత్తు పదడుగులు అనుకుంటే, ఇవి పైకప్పు చీల్చుకుని బయటికి వస్తాయన్నమాట. వాటి నడుమ, చుట్టూ, వరసలు తీర్చిన చిన్న రాళ్ళు మూడు వేలదాకా ఉన్నాయి. ఊరివాళ్ళు వీటిని ‘నిలువురాళ్ళు’ అంటారు. ఇంతకన్నా చక్కని పేరు ఏ పండితుడూ పెట్టలేడు.

ఇవి సుమారు మూడున్నర వేల ఏళ్ళ కిందటివని అక్కడ పనిచేసిన పరిశోధకుల అంచనా. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన ఆచార్య కె. పుల్లారావుగారు ఏళ్ళ తరబడి ఈ రాళ్ళ మధ్య తిరిగి, కొలతలు తీసి, లోకానికి చెప్పారు.

ఒక్క చిన్న లెక్క వేద్దాం. పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న గ్రానైటు రాయి నాలుగు టన్నులకు తక్కువ తూగదు. అంటే వంద కిలోల బియ్యం బస్తాలు నలభై! దాన్ని తాళ్ళతో లాగి, గుంతలోకి జార్చి, నిటారుగా ఎత్తి, చుట్టూ చిన్న రాళ్ళు కూరి బిగించాలి. అటువంటివి ఒకటా రెండా? లాగినవాళ్ళ కండబలం గురించి అందరూ రాస్తారు. కానీ లాగినవాళ్ళకు వేళకు కూడు వండి పెట్టింది ఎవరు? నీళ్ళు మోసింది ఎవరు? చంకలో పిల్లనెత్తుకుని, గంజి కుండ పట్టుకుని వచ్చిన ఆ తల్లులు కూడా ఆ రాళ్ళ కింద లెక్కలో ఉన్నారని మనం మరచిపోకూడదు.

ఇంతకీ ఎందుకు నిలబెట్టారు? చనిపోయినవారి గుర్తుగానా? కావచ్చు. దక్కనులో ఇటువంటి పెద్ద రాళ్ళు చాలాచోట్ల సమాధుల మీద ఉన్నాయి. కానీ ముడుమాల్‌లో ఇంకో విశేషం ఉంది. చిన్న రాళ్ళ వరసల్లో కొన్ని, సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ చివరంటా జరిగే రోజుల్లో ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిగ్గా ఎదురు చూస్తున్నాయని పరిశోధకులు అంటున్నారు.

ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మీ ఇంటికి తూర్పు కిటికీ ఉంటే చాలు. జూన్ 21 ఉదయం తొలి ఎండ లోపలి గోడ మీద ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీత గీయండి. మళ్ళీ డిసెంబరు 22న గీయండి. రెండు గీతల నడుమ ఎంత ఎడం వచ్చిందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. పంచాంగంలో ఉత్తరాయణం సంక్రాంతికి వచ్చినా, ఆకాశంలో సూర్యుడు వెనక్కి మళ్ళేది ఆ డిసెంబరులోనే. కిటికీ ఊచ చేసే పనే అక్కడ నిలువురాయి చేస్తుంది. రాయి స్థిరం, నీడ చరం. ఆ నీడే కాలెండరు. మే మొదటివారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కడి నిలువురాతికి పక్కకు నీడే పడదు. సేద్యం చేసేవాడికి ఇది వింత కాదు, అవసరం. జూన్ 21 అంటే ఇంచుమించు ఆరుద్ర కార్తె ప్రవేశం. వాన మీదే బతికే పాలమూరు మెట్టలో, విత్తు ఎప్పుడు వేయాలో తెలియకపోతే ఏడాదంతా పస్తే.

రాత్రికి కూడా ఏర్పాటుంది. అక్కడొక రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. మనం పచ్చడి నూరుకునే రోలు గుంటలా కాదు, గోళీ పట్టేటంత గుంటలు. వాటిలో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. ఆనాడు ఇప్పటి ధ్రువనక్షత్రం సరిగ్గా ఉత్తరాన లేదు. అయినా సప్తర్షులు ఉత్తర దిక్కు చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. వారిని చూసి రాత్రి దిక్కు పోల్చుకోవచ్చు. అంటే పగలు సూర్యుడు, రాత్రి చుక్కలు, నడుమ రాయి. ప్రదర్శన కాక ఇదేమిటి చెప్పండి? టిక్కెట్టు లేదంతే.

వెలుగు సరే, శబ్దం మాటేమిటి అంటారా? దానికి మనం కాస్త దక్షిణంగా, తుంగభద్ర దాటి బళ్ళారి దాకా వెళ్ళాలి. మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న జిల్లా అది. బళ్ళారి దగ్గర కుప్గల్ అనే కొండ ఉంది. ముడుమాల్ రాళ్ళకన్నా ముందరి కొత్తరాతియుగం నుంచే పశువులు కాచుకునేవాళ్ళు అక్కడ నల్లరాతి మీద ఎద్దుల బొమ్మలు, మనుషుల బొమ్మలు తొలిచారు. ఆ బొమ్మల నడుమే కొన్ని గుండ్లున్నాయి, ఇంకో రాతితో కొడితే గంట మోగినట్టు ఖంగుమంటాయి. కొట్టి కొట్టి ఆ చోట గుంటలు పడి నున్నబడ్డాయి. నికోల్ బోవిన్ అనే పరిశోధకురాలు 2004లో దీని మీద వ్యాసం రాసి, బొమ్మా మోతా కలిసే ఉండేవని చెప్పారు. బొమ్మ చూడటం ఒకటీ, రాయి మోగించటం ఇంకొకటీ కాదు, రెండూ ఒకే తంతు. కంకర కోసం రాయి కొట్టేవాళ్ళవల్ల ఆ కొండకే ముప్పు వచ్చిందని కూడా ఆవిడ అప్పుడే హెచ్చరించారు.

ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అనే రాళ్ళ వలయం పేరు మీరు పిల్లల పాఠాల్లో చూసే ఉంటారు. 2020లో సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఆ వలయం కొత్తగా ఉన్ననాటి 157 రాళ్ళతో, పన్నెండో వంతు కొలతలో, బొమ్మరిల్లులా ఒక నమూనా కట్టి అందులో ధ్వని ఎలా వినిపిస్తుందో పరీక్షించారు. పైకప్పు లేకపోయినా, వలయం లోపల మాట్లాడితే గొంతు కాస్త హెచ్చి నిండుగా వినపడుతుందట, బయటివారికి మాత్రం తగ్గుతుందట. పెరట్లో పాడినప్పటికీ గుడి మండపంలో పాడినప్పటికీ గొంతులో ఎంత తేడా వస్తుందో మంగళహారతి పాడిన ప్రతి స్త్రీకీ తెలుసు. అదే సంగతి.

అందుకే కాబోలు, ఈ రాళ్ళను చూసిన కళాకారులకు చెవులూ కళ్ళూ రెండూ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఇంగ్లండులోనే ఏవ్‌బరీ అనే ఊరి నిలువురాళ్ళ దారిని డెరెక్ జార్మన్ అనే చిత్రకారుడు 1971లో చిన్న కెమెరాతో ఫిల్ము తీశాడు. కథ లేదు, మాట లేదు. రాళ్ళు, పొలాలు, పసుపు రంగు ఆకాశం, అంతే. తర్వాత కాలంలో దానికి సంగీతం చేర్చారు. కార్న్‌వాల్ అనే చోట 19 రాళ్ళ వలయం ఒకటుంది. ఆదివారంనాడు చర్చికి పోకుండా నాట్యమాడిన ఆడపిల్లలే ఆ రాళ్ళయ్యారని జనం చెప్పుకుంటారు. కాస్త దూరాన రెండు పెద్ద రాళ్ళున్నాయి, వారు ఆ నాట్యానికి పాట వాయించినవాళ్ళట! చూశారా, ఎక్కడికి వెళ్ళినా నిలువురాయి కనపడగానే జనానికి ఆటా పాటా గుర్తుకొస్తాయి.

అలాగని మనకు ఈ కళ విదేశాలనుంచి రావలసిన పని లేదు. ఎల్లమ్మ కొలుపు చూసినవారు చెప్పండి. బైండ్లవారు జమిడిక మోగిస్తూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెబుతారు. ఒగ్గువారు పట్నం వేస్తారు. మనం వాకిట్లో వేసే ముగ్గుకు అది పెద్దక్క అనుకోండి. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఆకుపొడి పచ్చన, బొగ్గుపొడి నలుపు. ఈ రంగులతో నేల మీద దేవతకు ఇల్లు గీస్తారు. డోలు దెబ్బ, తాళం, కథ సాగుతుంటే ఆ బొమ్మ మన కళ్ళముందు ప్రాణం పోసుకుంటుంది. తెల్లారేసరికి ఆ పట్నం చెరిగిపోతుంది. పాలమూరు ప్రాంతపు డక్కలివారు బొమ్మల పటం పరచి జాంబపురాణం చెబుతారు. ఆ కులంవారి కిన్నెర మోగించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మా, మోతా, కథా కలిపి చూపించటానికి కొత్తగా ఒక పేరు పెట్టి గ్యాలరీల్లో ప్రదర్శిస్తున్నారు గానీ, మన పల్లెల్లో అది వాకిట్లో విద్య.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ముడుమాల్ నిలువురాళ్ళలో ఒకదాన్ని ఊరివాళ్ళు ఎల్లమ్మ అని కొలుస్తారు. ఎవరో మూడున్నర వేల ఏళ్ళ కిందట ఏ పేరుతో నిలబెట్టారో గానీ, ఇవాళ ఆ తల్లికి పసుపు రాసి, కుంకుమ పెట్టి దణ్ణం పెడుతున్నారు. చరిత్ర పుస్తకాలు రాకముందు, ప్రభుత్వశాఖలు పుట్టకముందు, ఆ రాతికి కాపలా ఉన్నది ఈ పసుపు కుంకుమలే. దేవత అన్న రాతికి గడ్డపార తగిలించే ధైర్యం ఎవరికుంటుంది?

మిగతాచోట్ల భక్తి బదులు భయం కాపలా కాసింది. తెలంగాణ పల్లెల్లో పాత సమాధి రాళ్ళను ‘రాకాసి గుళ్ళు’ అంటారు. రాక్షసులు కట్టారని నమ్మి, పశువుల్ని కూడా అటు తోలేవారు కారు. ఇప్పుడు ఆ భయం పోయింది. పోవటం మంచిదే. కానీ భయం పోయిన చోట తెలివి రాకపోతే, వచ్చేది కంకర మిషనే. రాయి లారీలో వెళ్ళిపోతుంది, పొలం చదునవుతుంది.

నల్లగొండ జిల్లాలో ఇంకో రకంగా జరిగింది. కృష్ణ ఒడ్డునే ఏలేశ్వరం అనే పురాతన ఊరుండేది. నాగార్జునసాగర్ డ్యాము కడితే అది మునిగిపోతుందని తెలిసి, పురావస్తుశాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు తవ్వకాలు జరిపారు. అక్కడా ఆ పెద్దరాళ్ళ కాలపు సమాధులు బయటపడ్డాయి. ఇటువంటి సమాధుల్లో సామాన్యంగా కనిపించేవి ఏమిటో తెలుసా? ఇనుప పనిముట్లు, పూసలు, కుండలు. లోపల నలుపు, బయట ఎరుపుగా ఉండే కుండలు. చనిపోయినవాళ్ళకు కూడా వంటపాత్ర పెట్టి పంపారు ఆ అమ్మలు! 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టును 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు జాతికి అంకితం చేశారు. ఏలేశ్వరం నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది. ఆ నీళ్ళతో ఎన్నో లక్షల ఎకరాలు పండాయి, మన ఇళ్ళలో అన్నం ఉడికింది. దాన్ని కాదనలేం. ఎదుటి ఒడ్డున నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నిటిని మాత్రం కొండ మీదికి తరలించి మళ్ళీ నిలబెట్టారు, ఒక పాత సమాధి రాళ్ళ వలయంతో సహా. ఎంత పెద్ద పని వచ్చిపడినా, మనసుంటే కొన్నింటినైనా కాపాడవచ్చని దానివల్ల తెలిసింది.

రాత ఉన్న రాయికి ఈ బాధ కొంత తక్కువ. అదే నల్లగొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనం 1289 నవంబరు 27 నాటిది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను వేయించినది. అంత పెద్ద రాణి ఎప్పుడు కన్నుమూసిందో మనకు తెలిసింది ఆ ఒక్క రాతివల్ల. ఆ రాతిని ఎవరైనా గడప కింద వేసుకుని ఉంటే? మరి రాత లేని ముడుమాల్ రాతి మాటేమిటి? దాని అక్షరం ఎండ. దాని గొంతు పాట. ఎండకు అడ్డం కట్టినా, పాట మరచిపోయినా అది నిజంగానే మూగదవుతుంది.

ముడుమాల్ నిలువురాళ్ళు 2025 మార్చిలో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరాయి. 2021లో మన రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది చూడండి, ఆ మేడకు ఇది మొదటి మెట్టు. సంతోషమే. అయితే గుర్తింపుతోపాటు చిక్కులూ వస్తాయి. ఫ్రాన్సులో కార్నాక్ అనే చోట మూడు వేలకు పైగా నిలువురాళ్ళున్నాయి. జనం తొక్కిడికి నేల అరిగిపోతున్నదని 1991లో కంచెలు వేశారు. మా రాళ్ళ మధ్య మమ్మల్నే నడవనివ్వరా అని అక్కడివాళ్ళు ఉద్యమం లేవదీశారు. ఆ రాళ్ళకు 2025 జూలైలో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. కంచె అవసరమే కావచ్చు. కానీ ముడుమాల్‌లో కంచె వేసినరోజు, ఎల్లమ్మకు పసుపు తెచ్చిన ఊరి ఆడపడుచును గేటు దగ్గర ఆపితే ఎలా? ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఆవిడే కదా!

ఇంకోటి. రేపు అక్కడ కూడా గోల్కొండలో లాగా రంగు దీపాలతో ప్రదర్శన పెడదామని ఎవరైనా అనవచ్చు. వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. సప్తర్షుల్ని చూడటానికి తొలిచిన రాతి మీద కరెంటు లైట్లు వేస్తే, పైనున్న సప్తర్షులు కనపడతారా? కోటకు కావలసింది దీపం, ఈ రాళ్ళకు కావలసింది చీకటి. అక్కడ ప్రదర్శన పెట్టాలంటే సూర్యుణ్ణీ చుక్కల్నీ వాటి పని వాటిని చేయనిచ్చి, పక్కన ఒక జమిడికను మోగనిస్తే చాలు. కథ చెప్పే గొంతు బొంబాయినుంచి రానక్కర్లేదు. ఆ మండలంలోనే దొరుకుతుంది. దానికి ఇచ్చే నాలుగు రూపాయలూ ఆ ఇంటికే చేరతాయి.

మనం పట్నంలో ఉండి ఏం చేయగలం అంటారా? చేయగలం. మనలో ఎక్కువమందికి పుట్టిల్లో అత్తిల్లో ఏదో ఒక పల్లె ఉంది. అక్కడ పొలిమేరలోనో, చెరువు కట్ట మీదనో ఒక నిలువురాయి ఉండే ఉంటుంది. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దామెను అడగండి: “అమ్మా, ఈ రాతికి పేరేమిటి? దీని మీద పాట ఏమైనా ఉందా?” అని. చెప్పింది పిల్లల నోటు పుస్తకంలో రాయించండి. చేతిలో ఫోను ఉంటే ఆ పాట పట్టి ఉంచండి. పసుపు కుంకుమ పెట్టండి, తప్పులేదు. ఆయిల్ పెయింటు మాత్రం పూయనివ్వకండి. గుంటలూ గీతలూ పూడిపోతే ఆ రాతి నోరు నొక్కినట్టే. పొలం చదును చేస్తూ రాయి తీసేస్తామంటే, తీసేముందు ఊరి బడి పంతులుగారికో, పురావస్తుశాఖవారికో ఒక కబురు పంపించండి.

మూడున్నర వేల ఏళ్ళ కిందట గంజి కుండతో వచ్చిన ఆ తల్లి పేరు మనకు ఎన్నటికీ తెలియదు. ఆమె కళ్ళెదుట నిలబడ్డ రాయి మాత్రం ఇంకా నిలబడే ఉంది. మన పిల్లల పిల్లలకు కూడా అది నిలబడే కనిపించాలి. వింటున్నప్పుడు నవ్వుకున్నా సరే, ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగటం మరువకండి.